ప్రోటాన్ చికిత్స: కిరణం గురి తప్పకుండా ఎలా చూస్తారు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి క్యాన్సర్ రేడియేషన్ కోసం హైదరాబాద్ వెళ్లేవారికి ఈ మధ్య ‘ప్రోటాన్’ మాటా వినిపిస్తోంది. అదేమిటో చూద్దాం.

ఏమిటిది?
ఎక్స్-రే కిరణం కణితిని దాటి అవతలికీ వెళ్తుంది. ప్రోటాన్ నిర్ణీత లోతులో ఎక్కువ శక్తిని వదిలి ఆగిపోతుంది. అందుకే పిల్లలకు, మెదడు, వెన్నుపాము దగ్గరి కణితులకు దీన్ని పరిశీలిస్తారు.

ఎక్కడుంది?
2019లో చెన్నై అపోలోలో మొదలైంది. నవీ ముంబయిలోని ఖార్‌ఘర్‌లో టాటా మెమోరియల్ కేంద్రంలోనూ ఉంది.

పరీక్ష ఎలా?
ఆగే చోటు కొన్ని మిల్లీమీటర్లు మారినా కణితికి మోతాదు తగ్గొచ్చు, పక్క అవయవం దెబ్బతినొచ్చు. అందుకే రోజూ చికిత్సకు ముందే మెడికల్ ఫిజిసిస్టులు మోతాదు, ఆగే లోతు, కిరణం పడే చోటు చూస్తారు. సాధారణంగా మోతాదులో 3 శాతం, లోతులో 1 మిల్లీమీటరు మించి తేడా ఉండకూడదు. శరీరంలో నీరే ఎక్కువ కాబట్టి నీటి తొట్టెలో అయాన్ చాంబర్ పెట్టి మోతాదు కొలుస్తారు. కేంద్రం నడవాలంటే అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అనుమతి తప్పనిసరి.

మీరేం అడగాలి?
• ఈ కణితికి ప్రోటాన్‌తో అదనపు మేలేమిటి?
• నా ప్లాన్‌ను యంత్రంపై పరీక్షించారా?
• మధ్యలో బరువు తగ్గితే మళ్లీ స్కాన్ తీస్తారా? (ఒళ్లు తగ్గితే కిరణం ఆగే చోటు మారుతుంది.)

గుర్తుంచుకోండి: చాలా క్యాన్సర్లకు మామూలు రేడియేషనే సరిపోతుంది. ఆ యంత్రాలకూ రోజువారీ తనిఖీలుంటాయి. ప్రోటాన్ కోసం ఎదురుచూస్తూ, డాక్టరును అడగకుండా చికిత్స వాయిదా వేయొద్దు.