దక్కను శిలల అయస్కాంత సాక్ష్యం – భారత భూఖండ చలనం: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండి, తరువాత విడిపోయాయని జర్మన్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ 1912లో ప్రతిపాదించాడు. తీరరేఖల పోలికను, శిలాజాల సామ్యాన్ని ఆధారాలుగా చూపాడు. అయితే గతంలో ఏ ఖండం ఎంత దూరం జరిగిందో నిర్ణయించే నమ్మకమైన కొలత అప్పటికి లేదు. ఆ కొరతను తీర్చిన తొలి ఆధారాలలో దక్కను లావా శిలలు ముఖ్యమైనవి. ఆ ఆధారం ఎలా లభించిందో, వెంటనే ఎందుకు అంగీకారం పొందలేదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

శిలలో నిలిచిన దిశ:

లావా చల్లబడి సుమారు 580 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు చేరినప్పుడు, అందులోని మాగ్నెటైట్ రేణువులు నాటి భూఅయస్కాంత క్షేత్రదిశను నిలుపుకొంటాయి. ఆ క్షేత్రం భూమధ్యరేఖ వద్ద నేలకు సమాంతరంగాను, ధ్రువాల వద్ద నిలువుగాను ఉంటుంది. అందువల్ల శిలలోని దిశ ఎంత వాలి ఉన్నదో కొలిస్తే, ఆ శిల ఏర్పడిన అక్షాంశం తెలుస్తుంది. రేఖాంశం మాత్రం తెలియదు.

కొలతల చరిత్ర:

భ్రమణం వల్లనే భూమికి అయస్కాంతత్వం కలుగుతుందన్న ఊహను పరీక్షించడానికి పాట్రిక్ బ్లాకెట్ అతిసున్నితమైన అయస్కాంతమాపకాన్ని నిర్మించాడు. ఆ ఊహ నిలవలేదని 1952లో ప్రకటించాడు. ఆ పరికరం మాత్రం శిలల బలహీన అయస్కాంతత్వాన్ని కొలవడానికి ఉపకరించింది. కేంబ్రిడ్జిలో ఎడ్వర్డ్ ఇర్వింగ్, లండన్ ఇంపీరియల్ కళాశాలలో జాన్ క్లెగ్ బృందం దక్కను శిలలను పరిశీలించారు. వారి ఫలితాలు 1956లో వెలువడ్డాయి. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటి ఈ శిలలు దాదాపు 30 డిగ్రీల దక్షిణ అక్షాంశం వద్ద ఏర్పడ్డాయని నేటి అంచనా. అంటే భారత భూఖండం ఉత్తరానికి 5,000 కిలోమీటర్లకు పైగా పయనించింది. వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరాతి పొరలు కూడా ఈ లావా ప్రవాహాలకు చెందినవే.

అంగీకారంలో జాప్యం:

1954లో ఇర్వింగ్ సమర్పించిన సిద్ధాంత గ్రంథానికి కేంబ్రిడ్జిలో డాక్టరేట్ లభించలేదు. శిలల అయస్కాంతత్వం కోట్ల ఏళ్లు చెదరకుండా నిలుస్తుందా అన్న సందేహం నాడు బలంగా ఉండేది. దానికి తోడు మరొక తార్కిక చిక్కు ఉంది. ఒక ఖండపు శిలలను మాత్రమే చూస్తే, కదిలింది ఖండమా, ధ్రువమా అన్నది తేలదు. ఒకే తాళపత్ర ప్రతితో మూలపాఠాన్ని నిర్ణయించలేని పరిష్కర్త స్థితి వంటిదే ఇదీ. కదిలింది ధ్రువం మాత్రమే అయితే, అన్ని ఖండాల శిలలూ ఒకే ధ్రువమార్గాన్ని చూపాలి. ఐరోపా, ఉత్తర అమెరికా, భారత, ఆస్ట్రేలియా శిలలు వేర్వేరు మార్గాలను చూపాయి. ఖండాలు పరస్పరం జరిగాయని ఈ భేదమే నిరూపించింది.

ముగింపు:

1963లో ఫ్రెడ్ వైన్, డ్రమ్మండ్ మాథ్యూస్ సముద్రగర్భ శిలల అయస్కాంత పట్టీలను వ్యాఖ్యానించిన తరువాత ఖండచలనానికి ఆమోదం వేగంగా పెరిగింది. దక్కను శిలలు చెప్పిన విషయం 1956 నాటిదే. ఇతర ఖండాల సాక్ష్యంతో పోల్చినప్పుడే దానికి నిర్ణాయకశక్తి లభించింది. ఆధారం దొరకడం, దాని అర్థం స్థిరపడడం వేర్వేరు చారిత్రక ఘట్టాలని ఈ ఉదంతం స్పష్టం చేస్తున్నది.