మన్రో ఖననస్థలము – ఒక విచారణ

కుటుంబచరిత్రను శోధించువారు పూర్వుడు మరణించిన చోటును, అతనిని పూడ్చిన చోటును, అతని పేర స్మారకమున్న చోటును ఒక్కటిగా భావించుట పరిపాటి. ఈ మూడును వేరువేరుగ నుండవచ్చును. ఏ యాధారము దేనిని నిరూపించునో ముందు తేల్చుకొనక వెదకుట వట్టి ప్రయాసయని మా యభిప్రాయము. ఇందులకు దత్తమండలముల చరిత్రలో సర్ థామస్ మన్రో విషయముకంటె చక్కని యుదాహరణము మాకు కానరాలేదు.

మన్రో 1761లో గ్లాస్గో నగరమున జన్మించెను. 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగను, 1820 నుండి మద్రాసు గవర్నరుగను పనిచేసెను. రైతువారీ విధానముతో నాతని పేరు పెనవేసికొని యున్నది. 1826లో నాతని భార్య జబ్బుపడిన చిన్నకుమారుని వెంటబెట్టుకొని ఇంగ్లండునకు వెడలిపోయెను. ఉద్యోగమును విడుచుటకు ముందు తనకు ప్రియమైన ఈ సీమను కడపటిసారి చూడగోరి మన్రో 1827 మే నెల చివర మద్రాసునుండి బయలుదేరెను. జులై 4వ తేదీకి గుత్తి చేరెను. అప్పటికే పరివారమున కలరా ప్రవేశించి యుండెను. 6వ తేదీన పత్తికొండ మజిలీలో నాతడు రోగగ్రస్తుడై ఆ రాత్రియే మరణించెను.

శవమును పత్తికొండలో పూడ్చలేదు. గుత్తికి మరలించి మరునాడు కోటకొండ పాదమున నున్న ఆంగ్లేయుల శ్మశానవాటికలో ఖననము చేసిరి. మార్గమధ్యపు మజిలీలో గవర్నరును పూడ్చుట యుచితము గాదనియు, గుత్తిలో తమవారి సమాధు లదివరకే యున్నవనియు నెంచి యిట్లు చేసిరని మే మూహించుచున్నాము. అయిన నదియు నాతనికి తుది విశ్రాంతిస్థానము గాలేదు. 1831లో నాతని యవశేషములను మద్రాసునకు గొనిపోయి సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చిలో నిక్షేపించిరి. గుత్తి వాటికలో నాతని పేర గురుతు నిలిచియే యున్నది. దాని క్రింద నాతడు లేడు. గుత్తి వరకు మాత్రమే వచ్చి వెనుదిరిగిన వంశీయుడు శిలను చూచినవా డగునే గాని సమాధిని చూచినవాడు గాడు.

స్మారకములు మఱికొన్ని గలవు. పత్తికొండలో తోపును వేయించి, రాతిమెట్ల బావిని త్రవ్వించిరి. గుత్తిలో బాటసారులకు సత్రము వెలసినది. మద్రాసులో 1839లో నెలకొల్పిన అశ్వారూఢవిగ్రహ మందఱెఱిగినదే.

జనశ్రుతి వేఱొక స్థలమును జూపును. కడప సీమలో పాపఘ్ని కొండలను చీల్చుకొని ప్రవహించు గండిక్షేత్రమున బంగారుతోరణ మొకటి కలదనియు, అది పుణ్యాత్ములకే కనబడుననియు, కనబడినవారి కాయువు తీరవచ్చిన దనియు నచటి నమ్మకము. మన్రో దానిని చూచెననియు, అందుచేతనే త్వరలో మరణించెననియు చెప్పుదురు. ఈ కథను త్రోసిపుచ్చ నక్కరలేదు. బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిన ప్రజల హృదయమున కిది సాక్ష్యము. ఖననస్థలమునకు మాత్రము సాక్ష్యము గాదు.

ఇక పత్రములు. కంపెనీకాలపు పాదిరులు వ్రాసిన ఖననముల రిజిస్టరుల నకళ్లు మద్రాసునుండి లండనునకు పంపబడెడివి. నేడవి బ్రిటిషు లైబ్రరీలో నున్నవి. 1905లో జూలియన్ జేమ్సు కాటన్ మద్రాసు రాజధానిలోని సమాధిశాసనములను జిల్లాలవారీగ సంపుటీకరించెను. శిల శిథిలమైనచోట నేడిదియే శరణ్యము. రిజిస్టరు ఖననదినమును చెప్పును. శిలాశాసనము తన్ను నిలిపినవారి యుద్దేశమును చెప్పును. 1827 నాటి పద్దు 1831 నాటి తరలింపును చెప్పజాలదు గదా! కావున పద్దు దొరికినంతనే శోధన ముగిసెనని తలంపక తరువాతి సంవత్సరముల పత్రములనుగూడ పరిశీలింపవలెను.

స్వదేశమునకు మరలిపోయినవారి విషయమున మార్గము వేఱు. మన భాషకు మహోపకారియగు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1884 డిసెంబరు 12వ తేదీన లండనులో మరణించి కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఖననము చేయబడెను. అది 1833లో నొక వ్యాపారసంఘము తెఱచిన వాటిక. అట్టిచోట పేట చర్చి రిజిస్టరులను గాక వాటికవారి రిజిస్టరులనే చూడవలెను.

మన్రో పరివారములోని సిపాయీలు, బోయీలు, సేవకుల మాట యేమి? పాదిరుల రిజిస్టరులు క్రైస్తవులకే పరిమితములు. హిందువులలో దహనము చేయువారికి సమాధియే యుండదు. అట్టివారి వంశీయులకు కాశీ గయలలోని పండాల పుస్తకములు కొంత తోడ్పడును. యాత్రకు వచ్చినవారు తమ తాతతండ్రుల పేళ్లను వానిలో వ్రాయించెడివారు. మృతులను పూడ్చు వీరశైవులకును, ముసల్మానులకును గ్రామవృద్ధుల జ్ఞాపకమే ప్రథమాధారము. దానిని సరిచూచుకొనుటకు తరువాతికాలపు సర్వే సెటిల్మెంటు రిజిస్టరులు కలవు. వానిలో మృతుల పేళ్లుండవు. శ్మశానపు పోరంబోకు సర్వే నంబరును విస్తీర్ణమును మాత్రమే యుండును.