బేదఖలు, రాజీనామా

కౌలురైతు భూమి పోగొట్టుకునే దృశ్యం మన సాహిత్యంలో ఒక మూసలో పడిపోయింది. దొర గడీ మెట్లు దిగుతాడు, గుండాలు కర్రలెత్తుతారు, గుడిసె తగలబడుతుంది. ఇది అబద్ధమని ఎవరూ అనలేరు. తెలంగాణలో ఇలా జరగబట్టే 1946-51 మధ్య సాయుధ పోరాటం నడిచింది. అయితే అదే భూమి ఆ తర్వాత మరో దారిన కూడా చేతులు మారింది. ఆ దారిలో నోటీసు, దరఖాస్తు, వాయిదాలు, చివర ఒక వేలిముద్ర ఉంటాయి. ఈ రెండో దారిని మన కథకులు దాదాపు వదిలేశారు. కోర్టు లోకాన్ని రావిశాస్త్రి అంత లోతుగా చూసినవారు తెలుగులో లేరు గాని, ఆయన ఎక్కువగా చూసింది క్రిమినల్ కోర్టు. తహశీల్దారు కచేరీలో చేతులు కట్టుకు నిలబడ్డ కౌలుదారు నేను చదివిన కథల్లో బహు అరుదు.

1948 సెప్టెంబరులో సైనిక చర్య జరిగాక, ఊళ్ళొదిలి పారిపోయిన భూస్వాములు తిరిగి వచ్చారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 జూన్‌లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. అప్పటికి పోరాటం ఇంకా ముగియలేదు. ఈ చట్టం పాలకుల దయ నుంచి పుట్టిందో, భయం నుంచి పుట్టిందో తేదీలే చెబుతాయి. చట్టం పేర్కొన్న కాలాల్లో ఎడతెగకుండా ఆరేళ్ళు సాగుచేసినవాడు రక్షిత కౌలుదారు. వాడిని దొర తన ఇష్టం వచ్చినప్పుడు పొమ్మనడానికి వీల్లేదు.

మరి ఎలా పొమ్మనాలి? అదీ చట్టమే చెప్పింది. భూమిశిస్తు చివరి కిస్తుకు పెట్టిన గడువు దాటి పదిహేను రోజుల్లోగా కౌలు చెల్లించకపోవడం, భూమిని పాడుచేయడం, ఇంకొకరికి కౌలుకివ్వడం, తాను స్వయంగా దున్నకపోవడం వంటి కారణాల్లో ఒకటి చూపాలి. రాతపూర్వకంగా ఆరు నెలల నోటీసివ్వాలి. గడువు తీరినా భూస్వామి తనంతట తాను పొలంలో దిగకూడదు. 32వ సెక్షను కింద తహశీల్దారుకు దరఖాస్తు పెట్టి ఉత్తర్వు తెచ్చుకోవాలి. బకాయినీ ఖర్చులనూ గడువులోగా కట్టేస్తే కౌలు నిలబెట్టే నిబంధన ఉంది. పైన కలెక్టరుకు అప్పీలు, ఆపైన హైకోర్టు. కాగితం మీద చూస్తే ఇది కౌలుదారు చుట్టూ కట్టిన గోడలాగే ఉంటుంది.

ఆ కాగితాన్ని కచేరీలోకి తీసుకెళ్ళి చూడాలి. కౌలు చెల్లించింది ధాన్యంగా, దొర కల్లంలో. కొలిచినవాడు దొర మనిషి. చెల్లించానని రుజువు చేసుకోవలసినవాడు కౌలుదారు. సాగు ఎవరిదో తేల్చేది పహాణీ, పహాణీ రాసేది పట్వారీ. రాతకోతలు అప్పటికింకా ఎక్కువగా ఉర్దూలోనే. ఒక్క వాయిదాకు హాజరైతే కూలి పోతుంది, దారిఖర్చు తగులుతుంది, వకీలుకు వేరే. దొరకు వాయిదా పడటం వల్ల పోయేదేమీ లేదు. రైతుకు ప్రతి వాయిదా ఒక దుక్కి, లేదా ఒక తడి.

చట్టంలోని ఒక మాట మీద రచయితలు ప్రత్యేకంగా ఆగాలి. ‘స్వంత సేద్యం’ కోసమైతే భూస్వామి కొంత పరిమితి దాకా భూమిని వెనక్కి తీసుకోవచ్చు. స్వంత సేద్యమంటే ఏమిటి? తన చేతులతో గాని, కుటుంబంలోని వారి చేతులతో గాని చేసేది. అంతవరకు మనకు తెలిసిన తెలుగే. ఆపైన, జీతగాళ్ళ చేతగాని, తన పర్యవేక్షణలో కూలీల చేతగాని చేయించినా స్వంత సేద్యమే. కాడి ముట్టనివాడిని ఈ ఒక్క నిర్వచనం సేద్యగాణ్ణి చేసింది. నిన్నటి కౌలుదారే అదే చెలకలో కూలివాడై దున్నుతుంటే, చట్టం దృష్టిలో దున్నుతున్నది గట్టు మీద నిలబడ్డ దొర.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో ఈ సంస్కరణల ఫలితాలపై చేసిన అధ్యయనం 1958లో అచ్చయింది. 1951లో రక్షిత కౌలుదారులైన ప్రతి వందమందిలో, మూడు నాలుగేళ్ళు గడిచేసరికి అదే హోదాలో మిగిలింది సుమారు 45 మంది. కొనుక్కుని హక్కుదారులైనవారు దాదాపు 12 మంది. చట్టవిరుద్ధంగా వెళ్ళగొట్టబడినవారు సుమారు 22 మంది. ‘స్వచ్ఛందంగా’ వదులుకున్నవారు 17 మందికి పైగా. చట్టప్రకారం బేదఖలైనవారు ముగ్గురికి లోపే.

ఈ చివరి అంకె చూసి, కోర్టుల వల్ల పెద్ద నష్టం జరగలేదని వాదించినవారు నాకు తటస్థపడ్డారు. ఆ ముగ్గురి పక్కన పదిహేడుమందిని పెట్టి చదవాలి. తీరికగా సాగే మూడు కేసులు ఊరందరికీ కనిపిస్తాయి. కేసు ఓడితే భూమితోపాటు ఖర్చులూ మీద పడతాయని, దొర ఇచ్చే నాగులు ఆగిపోతుందని తెలిసినవాడు కేసు దాకా పోడు. ఎంతో కొంత తీసుకుని, లేదా పాతబాకీ కొట్టివేయించుకుని రాజీనామా రాసిస్తాడు. అలాంటి రాజీనామాను తహశీల్దారు ఎదుట ఒప్పుకోవాలనీ, అది సద్బుద్ధితో చేసిందేనని ఆయన తృప్తిపడాలనీ చట్టం షరతు పెట్టింది. తహశీల్దారు అడిగేది ఒకటే ప్రశ్న: ఇష్టపూర్వకంగానే వదులుకుంటున్నావా? దొర మనిషి పక్కన ఉండగా అవునని తప్ప ఏం చెబుతాడు?

(కోస్తా జిల్లాల కథ వేరు. అక్కడ 1956 ఆంధ్ర కౌలుదారీ చట్టం కనీసం ఆరేళ్ళ కౌలు అనగానే, నోటిమాట కౌళ్ళూ ఏటేటా మనిషిని మార్చడమూ జోరందుకున్నాయి. ఆ మక్తా రైతు గురించి విడిగా రాయాలి.)

ఈ రెండు దారుల తేడా తర్వాతి కాలంలో బయటపడింది. 38-ఇ సెక్షను కింద రక్షిత కౌలుదారులకు యాజమాన్యం బదిలీ 1973 జనవరి 1 నుంచి తెలంగాణ అంతటా అమలులోకి వచ్చింది. భూమి మీద లేనివాడికి ఈ హక్కు వర్తిస్తుందా అన్న వివాదం పెరిగింది. ఉట్నూరు తహశీల్దారు ప్రతివాదిగా ఉన్న కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి 1987లో తేల్చింది: కౌలు చట్టప్రకారం రద్దుకానంతవరకు, అతను భౌతికంగా భూమి మీద ఉన్నా లేకున్నా రక్షిత కౌలుదారే. అంటే కర్రతో తరమబడ్డవాడి వారసులు ముప్పై ఏళ్ళ తర్వాతైనా ఆ కర్రను కోర్టుకు చూపించుకోగలిగారు. విధిప్రకారం రాజీనామా ఇచ్చినవాడి వారసులకు చూపించుకోవడానికేమీ లేదు. వాళ్ళ ఫైలులో దెబ్బలుండవు, సాక్షుల సంతకాలుంటాయి. తహశీల్దారు తృప్తిపడినట్టు ఒక వాక్యం, దాని కింద సిరా మరక లాంటి బొటనవేలి గుర్తు, పక్కన వేరొకరి దస్తూరీలో ఆ రైతు పేరు, ‘నిశాని’ అన్న మాట ఉంటాయి.