సన్ నుండి సాంబా దాక: ఇంటి టీవీకి దారి చూపిన రెండు విధానములు

నూజివీటి మామిడితోటల సీమలో, ఉంగుటూరు వంటి గ్రామమున, మేడమీది కంప్యూటరులో దాచుకొన్న పెండ్లి వీడియోలను, పాత సినిమాలను క్రింది గదిలోని టీవీలో చూడగోరు గృహస్థునకు, ఫైళ్ళను నెట్‌వర్కుపై పంచు విధానములలో ఎస్‌ఎంబీయా, ఎన్‌ఎఫ్‌ఎస్సా యను ప్రశ్న తప్పక యెదురగును. ఇండ్లలో టీవీకి నెట్‌వర్కు ప్లేయరు తగిలించుకొను ఊహయైనను లేని కాలమున, కార్యాలయముల యవసరములకై పుట్టిన ఈ రెండింటి పుట్టుక నెరిగినగాని యెంపిక కుదురదని నా నమ్మకము.

ఐబీఎమ్ సంస్థలో బారీ ఫైగెన్‌బామ్ 1980ల తొలినాళ్ళలో కల్పించిన ఎస్‌ఎంబీని మైక్రోసాఫ్టు తన విండోసుతో పాటు పెంచి పెద్దచేసినది. సన్ మైక్రోసిస్టమ్స్ వారు 1984లో నిర్మించిన ఎన్‌ఎఫ్‌ఎస్ మార్గమే వేరు. ఎవరు ఏ ఫైలును ఎంతవరకు చదివిరో సర్వరు గుర్తుంచుకొనదు; ప్రతి యభ్యర్థనయు తనకు వలయు వివరమంతయు తానే మోసికొని వచ్చును. కనుక కరెంటు పోయి సర్వరు ఆగినను, మరల లేచినంతనే ప్లేయరు ఆగినచోటినుండి యడుగుట సాగించును. నాలుగవ రూపమున ఈ పద్ధతి మారినది కాని, పల్లెటూరి యింటికి ఆ పాత సుగుణమే మిక్కిలి మేలు. అయితే తొలి రూపములలో ఎన్‌ఎఫ్‌ఎస్ సాధారణముగా మనిషి సంకేతపదమును గాక యంత్రపు చిరునామానే నమ్మును. ఇంటి గోడల లోపల చెల్లు నమ్మకమది, వెలుపల చెల్లదు.

ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో పరిశోధక విద్యార్థియైన ఆండ్రూ ట్రిడ్జెల్, తీగపై సాగు సంభాషణను చెవియొగ్గి విన్నట్లు ప్యాకెట్లను పరిశీలించి, లోపలి పత్రములు లేకయే ఎస్‌ఎంబీ సర్వరును వ్రాసి 1992లో లోకమున కిచ్చెను. అదియే తరువాత సాంబా యైనది. పత్రముల నీయవలెనని ఐరోపా కమిషను 2004లో మైక్రోసాఫ్టునకు చేసిన యాజ్ఞను న్యాయస్థానము 2007లో స్థిరపరచిన పిమ్మటగాని సాంబా బృందమునకు అవి లభింపలేదు. పదునైదేండ్ల ఆ దీక్షను తలచినపుడెల్ల నాకు భక్తి కలుగును. లినక్సు పెట్టెయు విండోసు కంప్యూటరును నేడొక యింట మాటలాడుకొనుట దాని ఫలమే. ఎక్స్‌బాక్సుకై పుట్టి 2014లో కోడి యను పేరు దాల్చిన ప్లేయరు కూడ మొదట సాంబానే యాశ్రయించి, 2012లో ఎన్‌ఎఫ్‌ఎస్‌ను చేర్చుకొనెను.

2017 మే నెలలో వన్నాక్రై యను దుష్ట ప్రోగ్రాము ఎస్‌ఎంబీ ప్రథమ రూపమందలి లోపము గుండా లోకమంతయు ప్రాకినపుడు, చిత్తూరు, గుంటూరు మొదలగు జిల్లాలతో పాటు ఉంగుటూరున్న కృష్ణాజిల్లాలోను పోలీసు కంప్యూటర్లు దాని వాతబడినవి. ఆ యేటి శరత్కాలపు విండోస్ 10 నవీకరణనుండి మైక్రోసాఫ్టు ప్రథమ రూపమును తానై స్థాపించుట మానగా, దానినే నమ్మిన పాత ప్లేయర్లకు ఇంటిలోని ఫోల్డర్లు కనబడకపోయెను. అట్టివానికై ఆ తలుపు మరల తెరచుట తగదు. విండోసు ఉన్న యింట రెండవ, మూడవ రూపములకు తగిన ప్లేయరును తెచ్చుకొనవలెను; సర్వరు లినక్సైనచో, ప్లేయరు చిరునామా కొక్కదానికే, చదువుటకు మాత్రమే యనుమతించి ఎన్‌ఎఫ్‌ఎస్‌ను నడుపుట నాకు ప్రియము.