రక్తములోని అంకె, సీసాలోని మందు

అనంతపురము పీఠభూమిని తలచుకొన్నప్పుడు మొదట వాన మాటయే వచ్చును. రెండు ఋతుపవనములకును దూరమై, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షముతో, వేరుసెనగను నమ్ముకొని బ్రతుకు సీమ ఇది. ఇచ్చటి రైతు ఒక్క మబ్బును చూచి విత్తనము చల్లడు. నేలలో పదును చూచి చల్లును. మబ్బు వేరు, పదును వేరు అని అతనికి తాతలనాటి కరవులు నేర్పినవి.

పొలమున చూపు ఈ వివేకమును మనము దేహము విషయమున చూపుచున్నామా? ఏబది దాటిన పురుషుడు రాత్రి మూడు నాలుగు మారులు లేచును. మూత్రము సన్నగిల్లును. వయసు వచ్చినదని సరిపెట్టుకొనును. ఇంట చెప్పుకొనుటకు సిగ్గుపడును. ఎన్నటికో రక్తపరీక్ష చేయించినచో, పి. ఎస్. ఏ. అను అంకె ఎక్కువగా నున్నదని కాగితము వచ్చును. వెంటనే కొన్ని వారములకు ఆంటిబయోటిక్ మాత్రలు; అటుపై మరల పరీక్ష. ఈ పద్ధతి చాలకాలము అనేక దేశములలో సాగినది. అది ఎట్లు పుట్టినదో, ఎందుకు తప్పని తేలినదో తెలిసికొనుట మనకు మేలు.

ప్రోస్టేటు అనునది పురుషులకు మాత్రమే గల చిన్న గ్రంథి. మూత్రాశయమునకు దిగువన, మూత్రనాళము చుట్టును ఉండును. అందు పుట్టిన వ్యాధిని రక్తమును బట్టి గుర్తింపవలెనన్న యత్నము ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున మొదలైనది. ఆ గ్రంథిలో ఆమ్ల ఫాస్ఫటేజు అను పదార్థము మెండుగా నుండును. కాన్సరు ఎముకలకు ప్రాకిన రోగుల రక్తమున అది పెరుగునని 1938లో అమెరికాలో గట్మన్ దంపతులు చూపిరి. 1941లో చార్లెస్ హగ్గిన్సు ఆ కొలతను ఆధారముగా గొని, పురుష హార్మోనును తగ్గించినచో ఈ కాన్సరు అణగునని నిరూపించెను. అందులకు ఆయనకు 1966లో నోబెలు బహుమానము లభించినది.

ఫాస్ఫటేజు చేయు పని ఫాస్ఫేటును విడదీయుట. అట్లు విడివడిన ఫాస్ఫేటును కొలుచు సాధనములలో ముఖ్యమైనదొకటి మన తెలుగువాని పేరు మోయుచున్నది. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కెతో కలసి 1925లో ప్రకటించిన పద్ధతి అది. ద్రవము నీలివన్నెకు తిరుగును. ఆ నీలిమ గాఢతను బట్టి భాస్వరము ఎంతయున్నదో తెలియును. ప్రపంచమందలి ప్రయోగశాలలు దానిని స్వీకరించినవి.

ఆ సుబ్బారావే తరువాత లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకుడయ్యెను. ఆయన నాయకత్వమున బెంజమిన్ డగ్గరు మిస్సోరీ నేలలోని ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను వెలికిదీసెను. 1948లో అది లోకమునకు వెల్లడియైనది; ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసెను. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు అది మొదటి మందు. కొలుచు విద్య, క్రిములను చంపు మందు, రెండింటను ఒక్క తెలుగువాని చేయి యుండుట మనకు గర్వకారణము. అయితే ఆ రెండింటికి గల హద్దులను తెలిసికొనుటయే ఆయనకు మనము చూపదగిన గౌరవము.

1979లో అమెరికాలోని బఫెలో నగరమున పరిశోధకులు ప్రోస్టేటులో పుట్టు ఒక మాంసకృత్తును వేరుచేసిరి. మరుసటి ఏడు దానిని రక్తమున కొలువగలిగిరి. అదియే పి. ఎస్. ఏ. చికిత్స పొందిన రోగులను గమనించుటకు 1986లో అమెరికా ప్రభుత్వము ఈ పరీక్షకు అనుమతి నిచ్చినది; వ్యాధిని కనుగొనుటకు తోడ్పాటుగా 1994లో అంగీకరించినది. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటినచో అనుమానింపవలెనన్న వాడుక స్థిరపడినది.

చిక్కంతయు ఇచ్చటనే వచ్చినది. ఈ పదార్థము కాన్సరు గ్రంథిలోనే గాక మంచి గ్రంథిలోను పుట్టును. వయసుతో గ్రంథి లావెక్కినను, వాచినను, మూత్రము బిగిసినను, గొట్టము వేసినను అంకె పెరుగును. వాపువలన పెరిగినదేమో, క్రిమిసంహారక మందు నిచ్చి చూతము. తగ్గినచో బయాప్సీ తప్పునుగదా యని వైద్యులు తలంచిరి. ఆలోచనలో దయయున్నది, తర్కము మాత్రము బలహీనము. ఏలయన, మందు లేకయే అంకె హెచ్చుతగ్గు లగుచుండును. 2003లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశీలనలో, ఒకసారి 4 దాటినవారిలో సగమునకు కొంచెము తక్కువమందికి తరువాతి పరీక్షలలో అంకె తిరిగి మామూలుకు వచ్చినట్లు తేలినది. కావున మాత్రలు మ్రింగిన పిమ్మట తగ్గినదంతయు మాత్రల మహిమ కాదు. తగ్గినంతమాత్రమున కాన్సరు లేదని ధైర్యము చెప్పుటకును వీలులేదు.

ఇక కీడు మాట. ఈ గ్రంథిలోనికి చక్కగా చొరగల మందులు కొన్నియే. వానిలో ముఖ్యమైన ఫ్లోరోక్వినొలోన్ జాతి మందులు కొందరిలో కండరములను ఎముకలకు బిగించు స్నాయువులను, నరములను దెబ్బతీయునని 2016లో అమెరికా ప్రభుత్వము గట్టిగా హెచ్చరించినది. అనవసరముగా వాడిన కొలది క్రిములు మందునకు లొంగకుండ పోవును. నిజముగా బయాప్సీ అవసరమైననాడు ఆ మొండి క్రిములే ప్రాణాపాయము తేగలవు. మన దేశమున 2012లో చెన్నైలో వైద్యసంఘము లొకచోట చేరి ఈ ముప్పును చాటినవి. 2014 నుండి అనేక ఆంటిబయోటిక్‌ల అమ్మకమును దుకాణదారులు ప్రత్యేకముగా నమోదు చేయవలెనన్న నిబంధన వచ్చినది. వేరే లక్షణములు లేనివారికి కేవలము పి. ఎస్. ఏ. హెచ్చుదలకై ఆంటిబయోటిక్ ఇవ్వరాదని అమెరికా మూత్రవ్యాధి వైద్యసంఘము 2013లో స్పష్టముగా చెప్పినది.

అట్లని మందునే నిందింపరాదు. చలిజ్వరము, మూత్రమున మంట, పొత్తికడుపు దిగువన నొప్పి యుండి, మూత్రపరీక్షలో క్రిములు కనబడినచో, ఆ మందే ప్రాణదాత. అప్పుడు వైద్యుడు చెప్పినన్ని దినములు వాడవలెను. నయమైన పిదప ఆరు ఎనిమిది వారములు ఆగి పి. ఎస్. ఏ. చూడవలెను. మన ఎండలలో నీరు చాలక మూత్రము చిక్కబడినను మంట పుట్టును. దానికి కావలసినది నీరేగాని మాత్ర కాదు. ఏ లక్షణమును లేక అంకె మాత్రమే పెరిగినచో, కొన్ని వారములు ఆగి మరల పరీక్షించి, వైద్యుని చేత గ్రంథిని పరీక్ష చేయించుకొని, అవసరమైనచో స్కానింగు, బయాప్సీలకు పోవలెను. కాన్సరని తేలినను అన్నియు వేగముగా పెరుగునవి కావు. కొన్నింటిని కనిపెట్టి యుండిన చాలును.

2007 ఏప్రిలులో ఆరోగ్యశ్రీ పథకము మొదట ఆరంభమైన మూడు జిల్లాలలో అనంతపురము ఒకటి. పెద్ద వ్యాధులకు పేదవాడు ఆస్పత్రి మెట్లెక్కు దారి అట్లు ఈ కరవుసీమకు ముందుగా వచ్చినది. కాని రోగమిదియని తేలినవానికే ఆ దారి అక్కరకు వచ్చును. మాత్రలతో ఒక ఏడు, సిగ్గుతో మరియొక ఏడు గడపినవాడు, నడుము ఎముకలలో నొప్పి పుట్టిన పిదప వచ్చినచో, వైద్యుడు చేయగలది తగ్గిపోవును.

కావున ఇంటి పెద్దలు ఈ సంగతిని దాచుకొనరాదు. కొడుకులు, కోడండ్రు అడిగి తెలిసికొనుటకు వెనుదీయరాదు. అంకె ఒక మబ్బు వంటిది. అది కనబడినప్పుడు తల యెత్తి చూడవలసినదే. విత్తుటకు ముందు మాత్రము పదును చూడవలెను.