ఆపరేటర్ ఓవర్‌లోడింగ్, ఇంటర్‌ఫేస్‌ల సమానత్వం (సీ షార్ప్)

+, == వంటి గుర్తులు తన సొంత క్లాసుల మీద ఎలా పనిచేయాలో ప్రోగ్రామరే నిర్ణయించడాన్ని ఆపరేటర్ ఓవర్‌లోడింగ్ అంటారు. జావా ఈ వీలు ఇవ్వలేదు. 2002లో తొలి వెర్షన్ వెలువడిన సీ షార్ప్ ఇచ్చింది. చిక్కంతా == దగ్గరే వస్తుంది.

రూ.500 చొప్పున విలువ ఉన్న రెండు వేర్వేరు ఆబ్జెక్టులు తీసుకుందాం. వాటి క్లాసులో మొత్తాలను పోల్చేలా == రాసి ఉంది. వేరియబుల్స్‌ను ఆ క్లాసు పేరుతో ప్రకటిస్తే పోలిక ‘నిజం’ అంటుంది. అవే ఆబ్జెక్టులను ఆ క్లాసు అమలుచేసే ఇంటర్‌ఫేస్ రకం వేరియబుల్స్‌లో ఉంచితే ‘అబద్ధం’ అంటుంది! ఏ == వాడాలో కంపైలరు ప్రకటించిన రకాన్ని బట్టి ముందే తేల్చేస్తుంది. రెండు వైపులా ఇంటర్‌ఫేసే కనబడితే, రెండూ మెమరీలో ఒకే ఆబ్జెక్టా కాదా అన్నదే ఆ పోలిక చూస్తుంది. ఎర్రర్ రాదు కనుక ఈ పొరపాటు చాలాకాలం దాగి ఉండగలదు. స్ట్రింగులతో మరీ ప్రమాదం: కోడులో నేరుగా రాసిన, ఒకే అక్షరాలున్న రెండు స్ట్రింగులను (లిటరల్స్‌ను) కంపైలరు ఒకే ఆబ్జెక్టుగా ఉంచడం వల్ల పరీక్షలో అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఈక్వల్స్ మెథడ్ అలా కాదు. అది వర్చువల్, కాబట్టి ప్రోగ్రాం నడిచేటప్పుడు అసలు ఆబ్జెక్టు ఏ క్లాసుదో ఆ క్లాసు మాటే చెల్లుతుంది. ఇంటర్‌ఫేస్‌ల ద్వారా విలువలు పోల్చాలంటే దీన్నే నమ్ముకోవాలి. క్లాసులో ఈక్వల్స్‌ను తిరగరాస్తే దాంతోపాటు గెట్‌హ్యాష్‌కోడ్ మెథడ్‌ను కూడా తప్పక తిరగరాయాలి, లేకపోతే డిక్షనరీలో పెట్టిన వస్తువు మళ్లీ దొరక్కపోవచ్చు.

2022లో వచ్చిన సీ షార్ప్ 11 ఇంటర్‌ఫేస్‌లోనే ==ను ప్రకటించనిస్తుంది, అయితే అది జెనరిక్ కోడుకే ఉపయోగం.