ఎఫ్‌ఎంజీఈ: లైసెన్స్ పరీక్ష మార్కులు డాక్టర్ పనితనాన్ని చెబుతాయా?

దక్షిణ ఢిల్లీలోని మునిర్కా, గౌతమ్ నగర్ లాంటి చోట్ల చిన్న గదుల్లో అద్దెకుంటూ పరీక్షలకు చదివేవారు చాలామంది. ఫిలిప్పీన్స్, రష్యా, కిర్గిస్తాన్ లాంటి దేశాల్లో వైద్యవిద్య పూర్తిచేసి, ఎఫ్‌ఎంజీఈ కోసం కోచింగ్ తీసుకునే తెలుగు విద్యార్థులూ వారిలో ఉంటారు. ఆ పరీక్ష గట్టెక్కితేనే ఇక్కడ ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత ప్రాక్టీస్.

మరి అందులో పాసైనవారు మంచి డాక్టర్లవుతారని చెప్పగలమా?

పరీక్ష ఎలా ఉంటుంది?

2002లో మొదలైన ఈ పరీక్షను నేషనల్ బోర్డ్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ ఏడాదికి రెండుసార్లు నిర్వహిస్తుంది. ఒకే రోజు రెండు భాగాలుగా మొత్తం 300 బహుళైచ్ఛిక ప్రశ్నలు ఇస్తారు. నెగెటివ్ మార్కులు లేవు. పాసవడానికి 150 రావాలి. రోగిని పరీక్షించి చూపాల్సిన ప్రాక్టికల్ ఏదీ ఇందులో ఉండదు.

149 వచ్చినవారికి, 150 వచ్చినవారికి మధ్య పరిజ్ఞానంలో తేడా దాదాపు ఉండదు. కానీ ఒకరు ఆసుపత్రికి వెళ్తారు, మరొకరు మళ్లీ పుస్తకాల ముందు కూర్చుంటారు.

మార్కులకు, ప్రాణాలకు సంబంధం ఉందా?

ఉందనే చెప్పింది అమెరికాలో 2014లో వెలువడిన ఒక అధ్యయనం. పెన్సిల్వేనియాలో గుండెపోటు, హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరిన సుమారు 61 వేల కేసులను జాన్ నార్సినీ బృందం పరిశీలించింది. వారికి చికిత్స చేసినవారంతా విదేశాల్లో చదివిన డాక్టర్లే. యూఎస్‌ఎంఎల్‌ఈ స్టెప్ 2 సీకేలో ఒక్కో మార్కు పెరిగేకొద్దీ రోగుల మరణాలు సాపేక్షంగా 0.2 శాతం తగ్గినట్టు తేలింది. అంటే 20 మార్కుల తేడాకు సుమారు 4 శాతం.

అయితే చేతి నైపుణ్యం వేరు. స్టెతస్కోప్‌తో గుండె చప్పుడు గుర్తించడం, సెంట్రల్ లైన్ వేయడం లాంటి పనులకు, యూఎస్‌ఎంఎల్‌ఈ మార్కులకు చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదని 2011లో షికాగో పరిశోధకులు తేల్చారు.

రోగితో మాట్లాడే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. కెనడాలో 3,424 మంది డాక్టర్లపై 2007లో వచ్చిన అధ్యయనం ప్రకారం, క్లినికల్ పరీక్షలోని కమ్యూనికేషన్ విభాగంలో తక్కువ మార్కులు వచ్చినవారిపై తర్వాతి కాలంలో ఫిర్యాదులు ఎక్కువగా వచ్చాయి. రాతపరీక్ష మార్కులను పరిగణనలోకి తీసుకున్నాక కూడా ఈ తేడా కనిపించింది.

భారత్‌లో మార్పు ఎక్కడ ఆగింది?

నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 2019లోనే 'నెక్స్ట్' పరీక్షను ప్రతిపాదించింది. ఇక్కడ చదివినవారికీ, విదేశాల్లో చదివినవారికీ ఇదొక్కటే. మొదటి దశలో రాతపరీక్ష, ఇంటర్న్‌షిప్ తర్వాత రెండో దశలో ప్రాక్టికల్, వైవా ఉంటాయి. 2023 జూన్‌లో నిబంధనలు వచ్చాయి. జులైలోనే అమలును వాయిదా వేశారు.

రోగికి తెలియాల్సింది ఏమిటి?

రాతపరీక్ష వృథా కాదు. ఏ లక్షణానికి ఏ జబ్బును అనుమానించాలో తెలియని డాక్టర్‌ను అది వడపోయగలదు. కానీ సూది సరిగ్గా దించగలరా, రోగి మాట ఓపిగ్గా వింటారా అన్నది 300 ప్రశ్నల్లో తేలదు. ప్రస్తుత పద్ధతిలో ఆ భారమంతా ఇంటర్న్‌షిప్‌పైనే పడుతోంది. అక్కడ సీనియర్లు దగ్గరుండి ఎంత నేర్పారన్న దాన్ని బట్టే, పాస్ సర్టిఫికెట్‌కు వార్డులో విలువ ఉంటుంది.